ఇంటి తెలుగుకు ఒక పని ఇద్దాం

తెలుగునాటికి బయట స్థిరపడ్డ మనలాంటి ఇళ్ళలో తెలుగు ఇంకా ఉంది, నిజమే. కానీ దానికి పని తగ్గిపోయింది. వంటింట్లో ఉంటుంది, పెళ్ళి పిలుపుల్లో ఉంటుంది, పెద్దవాళ్ళకు ఒంట్లో బాగాలేనప్పుడు ఫోనులో ఉంటుంది. కరెంటు, బ్యాంకు, బడి, మెషీను అనగానే మనం భాష మార్చేస్తాం. ఓసూరులో అయితే తమిళమో ఇంగ్లీషో, సరిహద్దు దాటి అత్తిబెలె చేరితే కన్నడమో. పిల్లలు ఇది చూస్తూనే పెరుగుతారు. తెలుగు అంటే తినడానికీ, తిట్టడానికీ, దండం పెట్టడానికీ మాత్రమే అని వాళ్ళకు నేర్పుతున్నది మనమే.

సభలు పెట్టడం మంచిదే, పద్యాలు నేర్పడమూ మంచిదే. వాటితోపాటు ఇంట్లో ఏదో ఒక చేతిపనిని మొదటినుంచి చివరిదాకా తెలుగులో చేయాలి అనేది మా అభిప్రాయం. ఆ పని ఒక్కరితో అయ్యేది కాకూడదు. ఒకరు చెప్పింది ఇంకొకరు సరిగ్గా వినకపోతే నష్టం జరిగేటంత గట్టి పని అయి ఉండాలి. మేము ఈ మధ్య గిటారుకు వాల్వు ఆంప్లిఫయరు కిట్టు తెప్పించి ఇంట్లో కట్టాం. ఇలాంటి పని మాకు ఇదే మొదటిసారి. దాంట్లో మాకు తెలిసినదాన్ని ఆధారం చేసుకునే ఈ మాట అంటున్నాం.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో. మేము బడిలో చదివింది కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు తర్వాత సొంతంగా నేర్చుకున్నాం, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే కాబట్టి పెద్ద కష్టం కాలేదు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. మా అన్న కూతురు తొమ్మిదో తరగతి, గిటారు నేర్చుకుంటోంది. దానిది ఇంగ్లీషు మీడియం, రెండో భాష తమిళం. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. దాని మంచిచెడ్డలు వేరేగా మాట్లాడుకోవచ్చు గానీ, మా పిల్లకు బడిలో తెలుగు లేదన్నది వాస్తవం. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల అది. ఇంక మా మామ. డెబ్బై దాటినాయన, ఒకప్పుడు క్రిష్ణగిరిలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం కష్టం, ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం కష్టం. ఆంపు ఈ ఇద్దరి మధ్యా కూర్చుంది.

కిట్టులో వచ్చింది ఫెండర్ కంపెనీ 1950లలో అమ్మిన ‘చాంప్’ తరహా సర్క్యూట్. దాన్ని 5ఎఫ్1 అంటారు. మూడే వాల్వులు. గిటారు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచడానికి ఒక 12ఎఎక్స్7, స్పీకరును కదిలించడానికి ఒక 6వి6, కరెంటును ఒకవైపే పోనిచ్చే రెక్టిఫయరుగా ఒక 5వై3. తిప్పడానికి ఒక్కటే గుబ్బ, అది వాల్యూము. శక్తి సుమారు 5 వాట్లు. వినడానికి తక్కువ అనిపిస్తుంది గానీ, ఒక గదికి అది చాలా ఎక్కువ. మొదటిసారి కట్టేవాళ్ళకు ఇంతకంటే పెద్దది వద్దనే చెప్తాం. భాగాలు తక్కువ కాబట్టి ప్రతి తీగ ఎందుకుందో అర్థమయ్యేదాకా అడగొచ్చు.

వాల్వు ఎలా పని చేస్తుందని పిల్ల అడిగింది. మేము ఇంగ్లీషులో మొదలుపెట్టబోయాం. మామ అడ్డుకుని, రామనాయకన చెరువు తూము చూసినావా అన్నాడు. చెరువు నిండా నీళ్ళున్నాయి, కింద కాలువ ఉంది, మధ్యలో తూము తలుపు. తలుపును వేలంత ఎత్తితే చాలు, కాలువలో బండెడు నీళ్ళు కదుల్తాయి. వాల్వులో కాలే కడ్డీ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరుతాయి, పైన ప్లేటు వాటిని లాగుతుంది, మధ్యలో ఉన్న జల్లెడ లాంటి గ్రిడ్డే తూము తలుపు. గిటారు తీగ ఆ తలుపును అటూ ఇటూ ఆడిస్తుంది, అంతే. 1904లో ఫ్లెమింగ్ మొదటి వాల్వు చేసినప్పుడు ఆ తలుపు లేదు, కరెంటు ఒకవైపే పోయేది. 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో గ్రిడ్డు పెట్టాడు. చిన్న సిగ్నలును పెద్దది చేయడం అక్కడినుంచి సాధ్యమైంది. తూము పోలిక పాఠ్యపుస్తకంలో దొరికేది కాదు. చెరువు కింద బతికిన మనిషి నోట్లోంచి వచ్చింది, ఆయన భాషలోనే వచ్చింది.

వాల్వులంటే అమెరికావి, మనకేం సంబంధం అనుకునేవాళ్ళకు ఒక మాట. బెంగుళూరు జాలహళ్ళిలో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో రేడియో వాల్వులు తయారుచేసేది. మామ బల్ల మీద ఎన్నో ఏళ్ళు ఉన్నవి అవే. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు గిటారు ఆంపుల వాల్వులు ముఖ్యంగా రష్యా, స్లొవేకియా, చైనాల్లో తయారవుతున్నాయి. అంటే మా ఊరికి కూతవేటు దూరంలో ఒకప్పుడు ఉన్న విద్య ఇది. ఆ వాల్వులు చేతిలో పట్టుకున్న తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. వాళ్ళను అడిగే పని మాత్రం మనం పెట్టుకోవడం లేదు.

ఇక మాటల సంగతి. కిట్టుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. రెసిస్టెన్స్‌ను మేము కన్నడంలో ‘రోధ’ అని చదివాం, పిల్లకు తమిళంలో ‘మిన్‌తడై’ అని తెలుసు, తెలుగు పుస్తకాల్లో ‘నిరోధం’ అంటారు. ఈ మూడింట్లో ఏదీ మా ఇంట్లో నోటికి వచ్చే మాట కాదు. రెసిస్టరు రెసిస్టరుగానే ఉండిపోయింది, మేము పట్టుబట్టలేదు. కానీ సాల్డరింగు దగ్గరికి వచ్చేసరికి సంగతి మారింది. కొత్త ఐరన్ మొనకు ముందు సాల్డరు పూత పట్టించాలి, లేకపోతే వేడి సరిగ్గా దిగదు. ఇంగ్లీషులో దానికి టిన్నింగ్ అని పేరు. మామ దాన్ని చూసి ‘కళాయి వెయ్యి’ అన్నాడు. ఇత్తడి గిన్నెలకు వీధిలో కూర్చుని తగరం పూసేవాళ్ళ మాట! పని కూడా అదే. లోహాన్ని శుభ్రం చేయి, వేడెక్కించు, తగరం పరుచుకోనీ. బిందెకు చిల్లి పడితే ‘మాటు’ వేయించేవాళ్ళం కదా, తీగను ట్యాగుకు అతికించడమూ మాటే. మంచి మాటు మెరుస్తుంది, తీగ చుట్టూ నున్నగా జారుతుంది. చెడ్డ మాటు బొట్టులా ఉబ్బి కూర్చుంటుంది.

ఒక తేడా కూడా మామే చెప్పాడు. కళాయివాళ్ళు వాడే నవాసాగరం ఇక్కడ పనికిరాదు, తీగను నెమ్మదిగా తినేస్తుంది. లోపల రోజిన్ ఉన్న సాల్డరు తీగే వాడాలి. మేము వాడినదాంట్లో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం. సుమారు 190 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది. సీసం ఉంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బల్ల మీద తిండి పెట్టకూడదు.

ఇప్పుడు అసలు విషయం, భయం. ఈ ఆంపులో స్పీకరు నుంచి వచ్చే పాట మెత్తగా ఉంటుంది గానీ, లోపల 350 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టరు కెపాసిటర్లలో ఆ వోల్టేజి మిగిలి ఉండొచ్చు. మనిషిని చంపగలదు. ఇంట్లో ఈఎల్‌సీబీ ఉంది కదా అనుకోవడానికి లేదు. ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు రెండు చేతులతో రెండు చోట్ల ముట్టుకుంటే అది గుర్తుపట్టదు. అందుకే మూతలేని ఆంపులో కరెంటు ఉన్నప్పుడు పిల్ల చేయి అక్కడికి పోకూడదని మొదటి రోజే నియమం పెట్టుకున్నాం. కొలిచేది మామ, లేదా మేము. ఒక చేయి జేబులో. కొలవడం అయ్యాక ప్లగ్గు తీసి, కెపాసిటరు చార్జిని రెసిస్టరు గుండా దింపి, మీటరు సున్నా చూపించాకే రెండో చేయి బయటికి.

టెస్టింగ్ ఉద్యోగం మాకు నేర్పిన అలవాటు ఒకటుంది. చేసినవాడే చూస్తే తప్పు కనబడదు, ఇంకొకరు చూడాలి. కాబట్టి కరెంటు ఇవ్వకముందు ప్రతి తీగనూ పైకి చదివి సరిచూశాం. మామ అడుగుతాడు, పిల్ల వేలు పెట్టి చూపిస్తూ చెప్తుంది, మేము కాగితం మీద టిక్కు పెడతాం.

‘ఈ పచ్చ తీగ యాడ పుట్టింది?’

‘ట్రాన్స్‌ఫార్మరులో, తాతా.’

‘యాడికి పోతాది?’

‘ఆరు... కాదు, 6వి6 రెండో కాలుకు.’

‘మాటు గట్టిగా ఉండాదా? లాగి చూడు.’

పిన్నును కాలు అన్నది మామే. తీగ పుట్టడం, పోవడం, ఇంకో దాంట్లో కలవడం, ఇదంతా మా మొరసునాడులో వాగులకు చెప్పే భాష. మొదటి రోజు పిల్ల సగం ఇంగ్లీషులో చెప్పింది. మామకు అర్థం కాక మళ్ళీ అడిగాడు. మూడో రోజుకు మళ్ళీ అడిగించుకోవడం విసుగొచ్చి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. భాష మీద ప్రేమతో కాదు, పని తెమలాలని! మాకు అక్కడ కనువిప్పయింది. భాషను బతికించేది అవసరమే, ఆ అవసరాన్ని ఇంట్లో మనమే పుట్టించాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ప్రమాదం దగ్గర మనిషి నోట్లోంచి వచ్చేది ఇంటి మాటే. ‘ముట్టొద్దు!’, ‘తియ్!’, ‘ఆగు!’ అని మామ అరిస్తే ఆలోచించకుండా చేయి ఆగాలి. ఆ మాట పిల్ల చెవిలో నుంచి నేరుగా చేతికి చేరాలంటే, ముందునుంచీ పని ఆ భాషలోనే జరుగుతూ ఉండాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు మామ తన పాత సీరీస్ బోర్డు తెచ్చాడు. మన రేడియో మెకానిక్కులందరి దగ్గరా ఉండేదే. మెయిన్సు లైనులో ఒక ఫిలమెంటు బల్బు అడ్డంగా ఉంటుంది. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి ఆంపును కాపాడుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి వెలిగి మందగిస్తుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ముందు వాల్వులేవీ పెట్టకుండా ట్రాన్స్‌ఫార్మరు వరకే చూశాం. తర్వాత స్పీకరు తగిలించి, మిగతా వాల్వులు పెట్టాం. స్పీకరు లేకుండా వాల్వు ఆంపును నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది. అన్నీ సరిగ్గా ఉన్నాక బోర్డు తీసేసి అసలు వోల్టేజీలు కొలిచాం. 6వి6 కాథోడు దగ్గర 470 ఓముల రెసిస్టరు ఉంది, దాని మీద 19 వోల్టులు చూపించింది. భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు. ఆ వాల్వు మోయగల బరువే. ఆ భాగహారం పిల్లే చేసింది, ‘పంతొమ్మిది’ అనే మాట కోసం ఒక్క క్షణం వెతుక్కుంది, దొరికింది.

తెలుగు నిజంగా తన సత్తా చూపించింది శబ్దాల దగ్గర. ఆంపు మోగింది, కానీ వెనకాల ఒక సణుగుడు. ఇంగ్లీషులో పిల్ల దాన్ని ‘నాయిస్’ అంది. మామకు అది చాలలేదు. నాయిస్ అంటే ఏ నాయిస్? బుస్సుమంటోందా? అది వాల్వుల, రెసిస్టర్ల సహజమైన ఊపిరి, కొంచెం ఉంటుంది. చిటపటమంటోందా? ఎక్కడో మాటు వదులు, లేదా ఒక రెసిస్టరు చెడుతోంది. గుబ్బ తిప్పితే గరగరమంటోందా? గుబ్బలో దుమ్ము, లేకపోతే ముందున్న కెపాసిటరు డీసీని కారుస్తోంది. కీచుమంటోందా? అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగలు తారుమారయ్యాయి. పెన్సిలుతో తడితే ఖంగుమంటోందా? ఆ వాల్వు లోపలి భాగాలు వదులయ్యాయి. గుమ్మంటోందా, జుయ్యంటోందా? గుమ్మంటే 50 హెర్ట్జులు, వాల్వులను వెలిగించే 6.3 వోల్టుల తీగల నుంచి. జుయ్యంటే 100 హెర్ట్జులు, పవర్ సప్లయి ఫిల్టరు నుంచి.

పిల్ల చెవి ఒగ్గి విని, ‘గుమ్మంటాంది తాతా’ అంది. అంటే హీటరు తీగలు. అవి ఒకదాని చుట్టూ ఒకటి పురి పెట్టి మూలకు ఒదిగించి ఉన్నవే. ఆ రెండు తీగల నుంచీ చెరొక 100 ఓముల రెసిస్టరును ఎర్తుకు దింపాం. గుమ్మనడం దాదాపు పోయింది. ఒక్క శబ్దం పేరు తెలిసినందుకు వెతుకులాట సగానికి సగం తగ్గింది. ఇన్ని రకాల చప్పుళ్ళకు ఇన్ని మాటలు పుట్టించిన భాషను మనం కూరల పేర్లకే వదిలేస్తున్నాం.

మాకు ఎదురైన అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. ‘గిటారు, వాల్వు, ఆంపు, ఇవన్నీ పరాయివి, ఇందులో మన వారసత్వం ఏముంది?’ అని బంధువులు అడిగారు. వయొలిన్ కూడా పరాయిదే. రెండు వందల ఏళ్ళ కిందట కర్ణాటక సంగీతంలోకి వచ్చింది. దానితో పేరు తెచ్చుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో పుట్టింది బెంగుళూరులో. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు తీగలు పెట్టి గమకాలు పలికించాడు. ఆ సన్నని వాద్యానికి గొంతునిచ్చింది ఆంప్లిఫయరే. చేతికి వచ్చిన వాద్యాన్ని మనది చేసుకోవడమే మన వారసత్వం అయినప్పుడు, దాని వెనకున్న పెట్టెను మనది చేసుకుంటే తప్పేముంది?

‘మాటల్లో సగం ఇంగ్లీషే కదా, ఇది తెలుగా?’ అన్నవాళ్ళూ ఉన్నారు. పేర్లు అరువు తెచ్చుకుంటే భాషకు నష్టం లేదు. క్రియలు పోతేనే నష్టం. బిగించు, వదులు చేయి, గీకు, ఒలుచు, పురి పెట్టు, తట్టు, ఆనించు, ఎడం ఉంచు, కమురు వాసన వస్తోంది చూడు. వాక్యాన్ని నిలబెట్టేవి ఇవి. ఇవి పిల్లలకు కథల పుస్తకంలో దొరకవు, చేతుల మధ్యలోనే దొరుకుతాయి.

‘రెడీమేడ్ ఆంపు ఇంతకంటే చౌక కదా’ అన్నది మూడో మాట. నిజమే, చౌక. చిన్న ట్రాన్సిస్టరు ఆంపు తెచ్చుకుంటే బరువూ తక్కువ, భయమూ తక్కువ. పాట మాత్రమే కావాలంటే అదే కొనమని మేమూ చెప్తాం. మేము కొన్నది పాట ఒక్కటే కాదు, ఒక పెద్దాయన, ఒక పిల్ల ఒకే బల్ల దగ్గర కూర్చునే కొన్ని ఆదివారాలను.

చేద్దామనుకునేవాళ్ళకు మా సలహాలు ఇవి. కిట్టు ట్రాన్స్‌ఫార్మరు మన 230 వోల్టులకు సరిపోయేదో కాదో ముందే అడగండి, అమెరికా 120 వోల్టులదైతే వద్దు. మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఎర్తును చాసీకి గట్టిగా బిగించండి. ఇంట్లో ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించండి. హైవోల్టేజి తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. చిల్లర భాగాలకు బెంగుళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీటు మనకు అందుబాటులోనే ఉన్నాయి. హైవోల్టేజి వద్దనుకుంటే బ్యాటరీతో నడిచే రేడియో కట్టండి, కుట్టుమిషను విప్పి నూనె పెట్టండి, మోటారు పంపు బాగుచేయండి. ఏ పనైనా సరే, ఇంట్లో పెద్దవాళ్ళకు చేతనైన విద్యను ఎంచుకోండి. వాళ్ళను ముందు కూర్చోబెట్టండి, పిల్లలు అడగాలి, వాళ్ళు చెప్పాలి. తెలుగులో మాట్లాడమని పిల్లలను బతిమాలకండి. పనికి ఆ భాష అవసరమయ్యేలా మనుషులను కూర్చోబెడితే చాలు.

దీంతో మా పిల్ల తెలుగు పండితురాలు అయిపోలేదు. ఇప్పటికీ బడి సంగతులు ఇంగ్లీషులోనే చెప్తుంది. కానీ ఆంపు ఏదైనా చప్పుడు చేస్తే క్రిష్ణగిరికి తనే ఫోను చేస్తుంది, తెలుగులోనే చెప్తుంది. వెనక చెక్కకు లోపలివైపు వోల్టేజీల పట్టిక ఒకటి అంటించి ఉంది. దాన్ని తెలుగు అక్షరాల్లో తన చేత్తో రాసింది, ‘కాలు’ అన్న మాటకు దీర్ఘం రెండుసార్లు దిద్దుకుని. రేపు ఎవరైనా ఆ ఆంపును బాగుచేయాలంటే తెలుగు చదవాల్సిందే.